లేపొద్దని చెప్పిన మనిషి

పోయిన నెల ఒక మంగళవారం పొద్దున, నేను పనిచేసే చోట పశువుల దాణా నమూనాలు తూకం వేస్తుంటే ఫోన్‌లో మెసేజ్ వచ్చింది. ఆంటీ కూతురు ఇంగ్లీషులో పెట్టింది. అమ్మ నిద్రలోనే వెళ్ళిపోయింది అని ఒక్క వాక్యం. చేతిలో ఉన్న నమూనా తూకం పూర్తిచేసి, అంకె రాసి, అప్పుడు కూర్చున్నాను.

సాయంత్రానికి కెనడాలో మా ఊరు సస్కటూన్ తెలుగువాళ్ళ గ్రూపు నిండా దండాల బొమ్మలే. నిద్రలో పోవడం అదృష్టమని, పుణ్యాత్మురాలని చాలామంది రాశారు. ఆంటీ చూసి ఉంటే ఊరుకునేవారు కాదు. "ఏ నిద్ర?" అని అడిగేవారు. ఇరవై ఏళ్ళకు పైగా ఆమె చేసిన ఉద్యోగం అదే. ఇది గాఢనిద్ర, ఇది కలల నిద్ర, ఇది నిద్రలా కనబడే మెలకువ అని వేరుచేసి గుర్తులు పెట్టడం. చివరి వారాల్లో ఆమెకు పట్టింది వీటిలో ఏదో నేను చెప్పలేను. అదృష్టం అని మాత్రం రాయలేకపోయాను.

ఆమె పోవడానికి రెండు రోజుల ముందు, దూరాన మిస్సిసాగా ఊరి నుంచి వచ్చిన కూతురు నన్ను ఒక మాట అడిగింది. అమ్మను లేపనా అని. నేను వద్దన్నాను. తల్లీకూతుళ్ళు మళ్ళీ మాట్లాడుకోలేదు. నేను అన్నది సరైనదో కాదో నాకు ఇప్పటికీ తెలియదు. ఎందుకన్నానో మాత్రం తెలుసు. అది చెప్పాలంటే ల్యాబ్ దగ్గర మొదలుపెట్టాలి.

కోవిడ్ ఆంక్షలు తీసేశాక మన పిల్లలు విమానాలు నిండిపోయేట్టు కెనడా వచ్చిన రోజుల్లో నేనూ వచ్చాను. యూనివర్సిటీలో పశుశాస్త్రం చదవడానికి. ఆరుగురం ఆడపిల్లలం ఒక బేస్‌మెంట్‌లో ఉండేవాళ్ళం, మంచాలు నాలుగు. బేకరీకి పోయేవాళ్ళు లేస్తే వేర్‌హౌస్ నుంచి వచ్చినవాళ్ళు పడుకునేవాళ్ళు. పరుపు చల్లబడేది కాదు. నేను పార్ట్‌టైమ్ పని కోసం మెడికల్ బిల్డింగ్‌లో ఎలుకల పెట్టెలు కడిగే ఉద్యోగానికి అప్లై చేశాను. ఇంటర్వ్యూ చేసింది ఆంటీయే. అక్కడ పెద్ద టెక్నీషియన్ ఆమె. నా పేరు చూసి కాసేపు ఇంగ్లీషులో అడిగి, తర్వాత తెలుగులోకి దిగారు.

"ఎలుకలంటే భయమా?"

"లేదండీ. మా ఇంట్లో వడ్లబస్తాల మధ్య తిరుగుతుంటాయి."

"ఇవి బస్తాల మధ్య తిరిగేవి కావు. మనకంటే శుభ్రంగా ఉంటాయి. గొడ్లు ఉన్నాయా మీకు?"

"నాలుగు బర్రెలండీ."

"సరే, చేరు. ఇంకోటి. ఇక్కడ నన్ను ఆంటీ అనకు."

"నేను అనలేదండీ."

"అంటావు. అందరూ అంటారు, వారం తిరక్కముందే."

ఆరో రోజున అన్నాను. చేతి తొడుగుల డబ్బా నా వైపు నెట్టారు.

ఆంటీది గుంటూరు వైపు పల్లె. మనిషి సన్నం, నడక వేగం. కుంకుడుకాయ రంగు స్వెటర్ ఒకటే చలికాలమంతా. పొద్దున ఏడింటికి వచ్చి, ఫ్లాస్కులో తెచ్చుకున్న మజ్జిగ పదింటికి తాగి, నాలుగింటికి వెళ్ళిపోయేవారు. తనకు పీహెచ్‌డీ లేదని ఆమెకు బాధ ఉన్నట్టు నాకెప్పుడూ కనబడలేదు. ఉన్నవాళ్ళు మాత్రం ఆమె దగ్గరకు వచ్చి అడిగేవాళ్ళు. కంప్యూటర్ నిద్రను లెక్కగట్టే రోజులొచ్చినా ఆమె కంటితో మళ్ళీ చూసేవారు. చిట్టెలుక తల మీంచి సన్నని తీగలు, ఆ తీగల్లోంచి మెదడు తరంగాలు. తెర మీద గీతలు పొడుగ్గా, నెమ్మదిగా అలల్లా లేచాయంటే గాఢనిద్ర. సన్నగా, గజిబిజిగా ఉంటే మెలకువ. పది సెకన్లకు ఒక గుర్తు. రోజంతా అదే పని.

ఆ ల్యాబ్‌లో చూసేది జబ్బుకూ నిద్రకూ ఉన్న సంబంధం. నాకు మొదట్లో ఒక్క ముక్క అర్థం కాలేదు. ఒకరోజు పెట్టెలు కడుగుతుంటే ఆమే చెప్పారు.

"ఒంట్లోకి క్రిమి దూరిందనుకో. తెల్లకణాలు చిన్న చిన్న ప్రోటీన్లు వదుల్తాయి. సైటోకైన్లు అంటారు. ఇంటర్‌ల్యూకిన్ అని ఒకటి, ఇంకా కొన్ని. అవి వెళ్ళి క్రిమిని చంపుతాయనుకుంటావు."

"చంపవా అండీ?"

"వాటి పని అది కాదు. అవి దండోరా వేసేవాళ్ళు. కొన్ని రక్తంలో పోతాయి, కొన్ని పొట్ట నుంచి మెదడుకు పోయే పొడుగు నరానికి కబురు చెప్తాయి. మెదడు దగ్గర నిలబడి, ఇవాళ పని బంద్, ఒళ్ళు వేడెక్కించండి, పడుకోండి అని డప్పు కొడతాయి. అప్పుడు గాఢనిద్ర పెరుగుతుంది. కలల నిద్ర తగ్గుతుంది. జ్వరంలో నువ్వు మొద్దులా పడుకునేది అందుకే. జబ్బు నిన్ను పడగొట్టలేదు. నీ ఒళ్ళే నిన్ను పడుకోబెట్టింది."

"జబ్బు లేనప్పుడు?"

"అప్పుడూ ఉంటాయి, కొద్దిగా. మెలకువగా ఉన్నకొద్దీ పెరుగుతాయి. మామూలు నిద్రలోనూ వాటి చెయ్యి ఉంది. చిత్రమేంటంటే, కొంచెమైతే నిద్రపుచ్చుతాయి, మరీ ఎక్కువైతే ఆ నిద్రనే ముక్కలు చేస్తాయి. మోతాదే అసలు సంగతి."

మా బేస్‌మెంట్‌లో ఒకమ్మాయికి ఫ్లూ వచ్చి, రెండు మాత్రలు మింగి, కాఫీ తాగి షిఫ్టుకు పోయిందని చెప్పాను ఒకసారి. గొప్పగానే చెప్పాను. ఆదివారం మధ్యాహ్నం ఆంటీ పప్పుచారు గిన్నె పట్టుకుని మా ఇంటికొచ్చారు. మంచాలు చూశారు. ఎర్రబడ్డ కళ్ళతో యూనిఫారం తొడుక్కుంటున్న ఆ పిల్లను చూశారు.

"ఎక్కడికే?"

"షిఫ్టుకి ఆంటీ. ఏం లేదు, కాస్త బద్ధకంగా ఉందంతే."

"బద్ధకం కాదది. నీ ఒళ్ళు ఓవర్‌టైమ్ చేస్తోంది. రెండు షిఫ్టులు ఒకేసారి చెయ్యలేవు. ఫోన్ ఇటివ్వు, మీ మేనేజర్‌తో నేను మాట్లాడతా."

"అయ్యో వద్దాంటీ, తీసేస్తారు!"

"అయితే నువ్వే మాట్లాడు, నేను వింటా."

ఆ పిల్ల మాట్లాడింది. ఉద్యోగం పోలేదు. కానీ ఆంటీ మళ్ళీ మా బేస్‌మెంట్‌కు రాలేదు. ఎందుకని అడిగితే, "వచ్చి ఏం చెయ్యను? అన్ని మంచాలు నేను కొనలేను," అన్నారు.

ఇక నా తప్పు సంగతి.

ఎలుకలు రాత్రి తిరిగే జీవాలు. మనకు పని పగలు. అందుకని ఆ గదిలో దీపాలు తలకిందులుగా పెట్టేవాళ్ళు. మన పగలు వాటికి చీకటి. లోపల ఒక్క ఎర్రబల్బు, అది వాటికి సరిగా కనబడదట. ఆ చీకట్లో అవి గెంతుతూ తిరగాలి. ఇంటర్‌ల్యూకిన్ మందు ఎక్కించినవి మాత్రం తిరగాల్సిన వేళలో పడుకుంటాయి. చూడాల్సింది అదే.

ఆ ప్రయోగానికి మందు ఎక్కించడం, తీగలు చూడటం ఆంటీ పని. అరగంటకోసారి లోపలికెళ్ళి నీళ్ళు, గది వేడి చూసి రావడం నాకు అప్పగించారు. మొదటి రోజు వెళ్ళేసరికి మందు ఎక్కించినవి మూలకు ఒదిగి, బొచ్చు లేపుకుని, ముడుచుకుని ఉన్నాయి. మా ఊళ్ళో జబ్బు చేసిన గొడ్డును పడుకోనివ్వరు. పడుకుందంటే పొట్ట కింద గోనెపట్టాలు వేసి నలుగురు పట్టి లేపుతారు. లేవకపోతే పక్క మార్చి, మళ్ళీ లేపుతారు. నేను ఏడో క్లాసులో ఉండగా మా చూడిబర్రె పడుకుంటే మా నాన్న నన్ను దాని దగ్గర కాపలా పెట్టి పొలానికి పోయాడు. "కళ్ళు మూసిందా, తట్టు. పడుకోనిచ్చావంటే అది మనకు లేనట్టే," అన్నాడు. సాయంత్రం దాకా తట్టాను. అది బతికింది.

అందుకని ఎలుకలనూ తట్టాను. పెట్టె మూత తీసి, వేలితో వీపు మీద కదిపి, తడిపిన మేత ముక్క మూతి దగ్గర పెట్టేదాన్ని. అవి లేచి రెండడుగులు వేస్తే తృప్తిగా ఉండేది. అలా నాలుగు రోజులు. ఎవరూ చెప్పని మంచిపని చేస్తున్నాననుకున్నాను.

తర్వాతి వారం ఆంటీ గీతలు చూస్తూ కదలకుండా కూర్చుండిపోయారు. నిద్ర ముక్కలు ముక్కలుగా ఉంది. తీగలు మార్చారు, యంత్రం మార్చారు. ప్రొఫెసర్ ఇక్కడి గోధుమరైతు కొడుకు, తొందర మనిషి. ఆయనకు మాత్రం సంతోషం. అంత చిన్న మోతాదులోనే నిద్ర ఇలా విరుగుతోందంటే ఇది కొత్త సంగతి, సమావేశంలో చెబుదాం అన్నాడు. నాకు అప్పుడు అర్థమైంది నేనేం చేశానో. నోరు తెరవలేదు. ఆ ఉద్యోగం పోతే ఇంకోటి దొరకడం కష్టం. అదొక్కటే కాదు, ఆమె నా వైపు ఎలా చూస్తారో అని కూడా. తొమ్మిది రోజులు అన్నం సరిగా తినలేదు.

పదో రోజు ఆమే పిలిచారు. తెర మీద గీతల పక్కన టైమ్ రాసి ఉన్న కాగితం పెట్టారు.

"ప్రతి అరగంటకీ లేస్తున్నాయి. ఒక్కటి కాదు, అన్నీ. ఇంటర్‌ల్యూకిన్‌కు చేతిగడియారం ఉండదు కదే."

నేను ఏడవలేదు. చెప్పాను. బర్రె సంగతి కూడా చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టారు.

"ఎన్ని తట్టావు?"

"అన్నీ అండీ."

"ఆ పద్దెనిమిదీ వృథా అయ్యాయి. ప్రయోగం అయ్యాక ఎలాగూ చంపేస్తాం కదా, ఊరికే చచ్చాయి. అది గుర్తుపెట్టుకో. ప్రొఫెసర్ కోప్పడతాడని కాదు." ల్యాబ్ నోటుబుక్ నా ముందు పెట్టారు. "ఏం చేశావో రాయి. ఎందుకు చేశావో రాయకు. అది ఎవరికీ అక్కర్లేదు."

నేను రాసిన దాని కింద ఆమె ఇంకో వాక్యం రాసి సంతకం పెట్టారు. పెట్టెలు ముట్టుకోవద్దని ఈమెకు నేను చెప్పలేదు, అని. సంగతి విన్న ప్రొఫెసర్ కాసేపు తల పట్టుకుని, తర్వాత నవ్వాడు. వాళ్ళ నాన్నా దూడలకు అదే చేసేవాడట. ఆ తర్వాత ఎవరింట్లో భోజనాలకు కలిసినా ఆయన ఈ కథ చెప్పి అందరినీ నవ్వించేవాడు. ఆ కథ మొదలవగానే ఆంటీ లేచి గిన్నెలు కడగడానికి వెళ్ళేవారు. ఆమెకు అది ఎప్పుడూ నవ్వులాట కాలేదు.

నన్ను తీసెయ్యలేదు. గీతలు చదవడం నేర్పించారు. చదువైపోయి, దాణా ల్యాబ్‌లో ఉద్యోగం వచ్చి, వర్క్ పర్మిట్ కాగితాలు తిరుగుతున్న కాలమంతా శనివారాలు ఆమె ఇంటికి వెళ్ళేదాన్ని. పెద్దగా మాట్లాడుకునేవాళ్ళం కాదు. ఆమె మెంతులు వేయించేవారు, నేను కూరలు తరిగేదాన్ని. అంకుల్ నేను రాకముందే పోయారు. ఆయన గురించి ఒకే ఒక్క మాట చెప్పారు. "గురక పెట్టేవాడు. ఇప్పుడు నిశ్శబ్దానికి మెలకువ వస్తోంది."

రిటైరైన ఏడాదికి క్యాన్సర్ అన్నారు. అప్పటికే కాలేయం దాకా పోయింది. ఆంటీ డాక్టర్లను అడిగిన ప్రశ్నలు రెండే. ఎన్నాళ్ళు, నిద్ర పడుతుందా. మొదటిదానికి జవాబు చెప్పారు. రెండోదానికి మాత్రలు ఇచ్చారు.

పట్టలేదు. మధ్యాహ్నాలు నేను వెళ్ళేసరికి సోఫాలో పడుకుని కళ్ళు తెరిచే ఉండేవారు. పొద్దస్తమానం అలసట. కళ్ళు మూసిన పావుగంటకే మెలకువ. పాత క్యాలెండర్ వెనకవైపు పెన్సిలుతో తన నిద్రకు తనే గుర్తులు పెట్టుకునేవారు.

"నిన్న పన్నెండు ముక్కలు," అన్నారొకసారి, కాగితం నాకు చూపిస్తూ. "దండోరావాడు డప్పు దించడం లేదు. ఇన్నాళ్ళూ మందు ఎక్కించి పక్కగదిలో కూర్చుని గీతలు చూశాను. లోపల ఇలా ఉంటుందని గీతల్లో లేదు."

"నొప్పిగా ఉందా ఆంటీ?"

"నొప్పి కాదు. పడుకోవాలని ఉంటుంది, పడుకోనివ్వదు. ఆ ఎలుకలకు నువ్వు చేసింది ఇదే." నిష్ఠూరంగా అనలేదు. ఉన్నమాట చెప్పినట్టు అన్నారు.

చివరి నెలలో నర్సు రోజూ ఇంటికొచ్చేది. మంచం హాల్లోకి మార్చాం. కూతురు నెలకు రెండుసార్లు వచ్చి, మళ్ళీ పనికోసం వెళ్ళేది. మిగతా రోజుల్లో నేనూ, ఇంకో ఇద్దరూ వంతులవారీగా కూర్చునేవాళ్ళం. ఒక శనివారం ఆంటీ నన్ను దగ్గరకు రమ్మని సైగ చేశారు.

"నువ్వున్నప్పుడు నాకు నిద్ర పడితే లేపకు."

"లేపనండీ."

"నీకు అలవాటుంది. అందుకే చెప్తున్నా."

"అన్నం వేళైతే?"

"అన్నం ఆగుతుంది."

"మందు వేళైతే?"

"నర్సు చూసుకుంటుంది. నువ్వు మాత్రం లేపకు."

"మీ అమ్మాయి వస్తే?"

ఆంటీ కిటికీ వైపు చూశారు. రెండోసారి అడిగి ఉండాల్సింది. ఆమెతో నేను ఏదీ రెండోసారి అడిగిన అలవాటు లేదు.

తర్వాతి వారం మాటలు తగ్గాయి. త్వరగా రమ్మని కూతురికి నర్సు ఫోన్ చేసింది. ఆదివారం మధ్యాహ్నం విమానం దిగి, సూట్‌కేసు గుమ్మంలోనే వదిలేసి వచ్చింది ఆ పిల్ల. అప్పటికి రెండు గంటలుగా ఆంటీ పడుకుని ఉన్నారు. నోరు కొద్దిగా తెరుచుకుని, ఊపిరి పొడుగ్గా, నెమ్మదిగా. ఎన్నో వారాల తర్వాత ముక్కలవని నిద్ర. కనీసం నాకు అలా అనిపించింది.

"షుడ్ ఐ వేక్ హర్, అక్కా?" అంది.

"లేపొద్దని చెప్పారమ్మా. వద్దు. ఒక గంట చూద్దాం."

"షీ నోస్ ఐయామ్ కమింగ్?"

"చెప్పాను. తెలుసు."

ఆ పిల్ల మంచం పక్కన నేల మీద కూర్చుంది. గంట అయింది. ఇంకో అరగంట అయింది. పొద్దుట్నుంచీ ఇవే బట్టలు, స్నానం చేసి వస్తానని లేచింది. బాత్‌రూమ్ తలుపు పడిన చప్పుడుకో మరి దేనికో ఆంటీ కళ్ళు తెరిచారు. తేటగా ఉన్నాయి.

"వచ్చిందా?"

"వచ్చిందండీ. స్నానం చేస్తోంది. పిలుస్తా ఉండండి."

"తొందరేం లేదు. స్నానం కానీ."

నేను లేచి తలుపు కొట్టాను. నీళ్ళ చప్పుడులో వినబడలేదు. మళ్ళీ కొట్టాను. ఆ పిల్ల తువ్వాలు చుట్టుకుని, జుట్టు కారుతూ పరుగున వచ్చేసరికి ఆంటీ కళ్ళు మూసుకుపోయాయి. చెయ్యి పట్టుకుని అమ్మా అని పిలిచింది. గట్టిగా పిలిచింది. నేను ఆపలేదు. ఆంటీ మళ్ళీ కళ్ళు తెరవలేదు, ఆ రోజూ, సోమవారమూ.

"వాట్ డిడ్ షి సే?"

చెప్పాను.

"దట్స్ ఇట్? స్నానం కానీ అందా?"

"అంతే."

జుట్టులోంచి నీళ్ళు దుప్పటి మీద పడుతున్నాయి. "యూ కుడ్ హావ్ కెప్ట్ హర్ అప్. రెండు నిమిషాలు. తట్టి కూర్చోబెట్టొచ్చుగా," అంది తెలుగులోకి వచ్చి. నిజమే. తట్టి కూర్చోబెట్టొచ్చు. నా చేతికి ఆ పని వచ్చు. ఎలుకల దగ్గర ఆంటీ తట్టొద్దని నేర్పారు, నేను ఆ మాటనే పట్టుకున్నాను. ఆమె చివరికి నిద్రపోవాలనుకున్నారా, కూతుర్ని చూడాలనుకున్నారా, రెండింటిలో ఏది ఎక్కువ కావాలనుకున్నారో అడిగే అవకాశం నాకొకసారి వచ్చింది. దాన్ని పోగొట్టుకున్నాను.

గురువారం దహనం అయింది. ఆ నాలుగు రోజుల్లో కూతురు నాతో అవసరమైన మాటలే మాట్లాడింది. ఇంటికి తిరిగొచ్చాక, కోటు విప్పకుండా, బూట్లు తియ్యకుండా సోఫా చివర కూర్చుని, కూర్చున్నట్టే పక్కకు ఒరిగిపోయింది. ఒళ్ళు వేడిగా ఉంది. జలుబు పట్టినట్టుంది. ఊపిరి బరువుగా వస్తోంది.

ఆ వేళకు తెలుగువాళ్ళు వంటలు తెచ్చిస్తారని నాకు తెలుసు. నేను కోటు మీద షాల్ కప్పుకుని బయటికొచ్చి, తలుపు చప్పుడవకుండా దగ్గరకు వేసి, మెట్ల మీద నిలబడ్డాను. మైనస్ ఇరవై ఉంటుంది. ఒక్కో కారూ వచ్చి ఆగుతుంటే చప్పుడు చెయ్యొద్దని చెయ్యెత్తి చూపించాను.

"ఏమ్మా, బయట నిలబడ్డావేం? లోపలెవరూ లేరా?" అన్నారొక పెద్దాయన.

"ఉందండీ. పడుకుంది. బెల్ కొట్టకండి."

ఆయన తల ఊపి, గిన్నె నా చేతికిచ్చి, బూట్లు చప్పుడవకుండా వెనక్కి నడిచారు. తర్వాత వచ్చినవాళ్ళూ అంతే. చేతులు చాలక గిన్నెలు ఒక్కొక్కటే పక్కన మంచులో పెట్టాను. సాంబారు, పులిహోర, పప్పు, పెరుగన్నం. మూతల సందుల్లోంచి ఆవిరి వస్తోంది. చీకటి పడేదాకా లోపల అలికిడి లేదు. గిన్నెల కింద మంచు గుండ్రంగా కరిగి, కిందున్న ఎండుగడ్డి కనబడుతోంది.